అన్నాల వేళకే దిగిన కువైట్ విమానం

పోయిన వారం మా మామ ఓబన్నను ఐసు పెట్టెలో పడుకోబెట్టి, మిమ్మల్నందరినీ పందిట్లో కూర్చోబెట్టి వెళ్లిపోయాను. ఎవరూ లేచి పోలేదు కదా? మంచిది. ఆలస్యంగా వచ్చి వెనక కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు మళ్లీ చెప్పి ముందుకు పోతాను.

మాది ఎర్రగుంట్ల పక్కన పల్లె. సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు మా చర్చి సిలువ కంటే ఎత్తు. మా మామ బతుకంతా ఆ ఫ్యాక్టరీలో బస్తాలు మోసి, ఆ దుమ్మే పీల్చి, ఆ రోజు తెల్లవారుతుండగా దగ్గుతూ దగ్గుతూ నా చేతుల్లోనే పోయాడు. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న నా మొగుడు క్రాంతి కుమార్‌కు ఫోన్ చేసింది నేనే. "వస్తాండా" అని ఒక్క మాట అని పెట్టేశాడు. మా సంఘంలో తండ్రి పోతే శవపెట్టెను తలవైపు పట్టి ఎత్తాల్సింది పెద్దకొడుకు. అతను రానిదే పెట్టె లేవదు. కువైట్ నుంచి మనిషి రావాలి కదా అని పాస్టరు అయ్యగారూ పెద్దలూ మాట్లాడుకుని, భూస్థాపన మరుసటి రోజు సాయంత్రానికి పెట్టారు.

ఆ రోజే మధ్యాహ్నం, పక్కింటివాళ్లు వండి తెచ్చిన అన్నం నేను చుట్టాలకు వడ్డిస్తుండగా, నా మొగుడు రోడ్డు మీద దిగి పరుగెత్తుకుంటూ పందిట్లోకి వచ్చాడు.

వచ్చీ రావడంతోనే ఐసు పెట్టె మీద పడి "నాయనా!" అని ఒక్క అరుపు అరిచాడు. తింటున్నవాళ్లు చేతులు ఆపేశారు. ఆడవాళ్లు మళ్లీ కొత్తగా ఏడుపు ఎత్తుకున్నారు. నా మరిది జయపాల్ అన్నను పట్టుకుని చంటిపిల్లాడిలా వెక్కాడు.

"వాళ్ల నాయనంటే ఎంత పానం చూడప్పా!"

"రెక్కలు కట్టుకోని వచ్చినాడు!"

అయ్యగారు ఊరుకుంటాడా? మైకు అందుకుని, దేవుడు తన బిడ్డ కోసం ఆకాశ మార్గాన్ని చిన్నది చేశాడని సాక్ష్యం చెప్పేశాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. అబద్ధమెందుకు, నా గుండె కూడా ఎగిరింది. మూడేళ్ల తరువాత మొగుడు కళ్లబడ్డాడు. చిక్కిపోయాడే అని జాలిపడ్డాను. చేతిలో గరిటె పట్టుకుని, పైట సర్దుకుని, అతను నా వైపు ఎప్పుడు చూస్తాడా అని నిలబడ్డాను.

ఆ సంతోషం అన్నం ఆరేంతసేపు కూడా నిలవలేదు. నా తలకాయలో లెక్క మొదలైంది.

ఆ లెక్క నాకెలా తెలుసంటారా? మొగుడు దూరంగా ఉన్నదాన్ని అడగండి, దూరం గురించి చెబుతుంది. "నన్ను కూడా తోడ్కోని పో" అని నేను అడగని నెల లేదు. "కువైట్ అంటే యాడుందనుకున్యావు? నువ్వు కడప బస్సుకే కక్కుతావు" అని నవ్వేవాడు. సరే, ఎంత దూరమో చూద్దామని పోయిన వేసవిలో ఎవరికీ చెప్పకుండా కడపకు పోయాను. ఏడు రోడ్ల దగ్గర ట్రావెల్స్ ఆఫీసులో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఓపిగ్గా చెప్పింది. మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు, కానీ గాల్లో ఉండేది ఐదు గంటలే అక్కా అంది. కడపకు నేరుగా విమానం లేదు, హైదరాబాదులోనో చెన్నైలోనో దిగాలి, అక్కడ ఎక్కడానికి ముందే పోయి కూర్చోవాలి, ఇక్కడ దిగినాక రోడ్డు ప్రయాణం ఉండనే ఉంది, ఎంత లేదన్నా ఒక పగలూ ఒక రాత్రీ పెట్టుకో అంది.

నేను మాత్రం ఆ ఐదు గంటలే పట్టుకుని ఇంటికొచ్చాను. ఐదు గంటలంటే ఎంత! తిరుపతికి పోయేంత. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. మరుసటి వారం పాస్‌పోర్టుకు పెట్టాను. వచ్చాక చీరల కింద దాచాను. నేను ఎర్రగుంట్లలో ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతికి లెక్కలు చెబుతాను. ఆ ఏడాది నా పిల్లలు చేసిన లెక్కల్లో సగం కువైట్ విమానాలే. ఒక విమానం ఎన్నింటికి బయల్దేరితే ఎన్నింటికి దిగును అని. నా వెర్రికి ఆ పిల్లలు బలయ్యారు.

అందుకే ఆ రోజు పందిట్లో గరిటె పట్టుకుని ఆ లెక్క ఎటు తిప్పినా తేలలేదు. తెల్లవారి ఫోన్ చేస్తే అన్నాల వేళకు ఇంట్లో ఉన్నాడు. విమానం తిన్నగా వచ్చి మా పందిట్లోనే వాలినా ఆ సమయం చాలీ చాలదు.

తలెత్తి చూస్తే, ఎదురుగా రాహేలమ్మ పెద్దమ్మ. ఆమె ఎనిమిదేళ్లు కువైట్‌లో ఇళ్లలో పనిచేసి వచ్చిన మనిషి. స్తోత్రం అనకుండా కూర్చున్నది ఆమె ఒక్కతే. నా కళ్లతో చూపు కలవగానే తల దించుకుని, విస్తరిలో అన్నం అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయింది.

క్రాంతి ముఖం కడుక్కోవడానికి ఇంటి వెనక్కి పోయాడు. నేను చెంబు తీసుకుని వెంట పోయాను. ఇంటి వెనక నాపరాళ్లు నిలబెట్టి కట్టిన స్నానాల దడి ఉంది. పందిట్లో పాట ఎత్తుకున్నారు. మంచిదే అనుకున్నాను, మా మాటలు ఎవరికీ వినబడవు.

"ఏ ఊర్లో దిగినావు?" అన్నాను, చెంబు చేతికిస్తూ.

"హైదరాబాదులో."

"ఆడినించి?"

"కారు మాట్లాడుకోన్యా."

"హైదరాబాదునించి ఈడికి కారుకు ఎంతసేపు పడతాది?"

ముఖం మీద నీళ్లు చల్లుకుంటున్నవాడు ఆగాడు. "ఇప్పుడు ఈ లెక్కలేంది స్తుతీ? మా నాయన ఆడ పండుకోనుంటే!"

"నాకూ నాయనే. నా చేతుల్లోనే పోయినాడు. ఎంతసేపు?"

"ఆరు గంటలు."

"ఫ్లైటు?"

"మా సేటు శానా మంచోడు. ఎయిర్‌పోర్టులో ఆయనకు మనుషులుండారు. స్పెషల్‌గా ఎక్కించి పంపినాడు."

"మీ సేటు ఎంత మంచోడైనా పొద్దును ఆపలేడు కదయ్యా. తెల్లారి ఫోన్ చేస్తి. అన్నాలప్పటికి పందిట్లో ఉండావు. నీ ఫ్లైటుకే చాలీ చాలదు ఆ టైము. ఇంగ కారు ఎప్పుడెక్కినావు?"

"ఆడికీ ఈడికీ టైము తేడా ఉంటాది. నీకు తెలీదులే."

"తేడా గడియారంలో ఉంటాది. మనిషి పయనంలో ఉండదు. నాలుగో తరగతి పిల్లోల్లకు గూడా తెల్సు ఆ మాట."

అతను చెంబు కింద పెట్టాడు. తడి ముఖం తుడుచుకోలేదు. నేను ఎదురుగా నిలబడ్డాను. దడికి ఉన్నది ఒకటే దారి, ఆ దారిలో నేనున్నాను.

"యాడినించి వచ్చినావు? నేను గాబట్టి ఈడ అడుగుతాండా. పందిట్లోకి పోయి మైకులో అడగమంటావా?"

"కర్నూలు," అన్నాడు.

నాకు మొదట నవ్వొచ్చింది. నిజంగా. కర్నూలు! నేను బీఈడీ చదివిన ఊరు. బనగానపల్లె మీదుగా పోతుంది బస్సు. మామిడికాయల కాలంలో దారిలో దిగి ఒక బుట్ట కొనుక్కుని మళ్లీ ఎక్కేవాళ్లం. పొద్దున పోయి పని చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరే ఊరు. దాని కోసం నేను పాస్‌పోర్టు చేయించుకున్నాను! ఫొటో దిగేటప్పుడు నవ్వొద్దంటే పెదాలు బిగించుకున్నాను!

"ఎప్పటినించి?"

చెప్పాడు. నా ముఖం చూడకుండా, నాపరాయి చూస్తూ చెప్పాడు. కువైట్‌లో సేటు ఇంటి కారు గోడకు గుద్దాడట. వీసా రద్దు చేసి పంపించేశారట. హైదరాబాదులో దిగాక ఈ ఊరికి రావడానికి మొహం చెల్లలేదట. కర్నూల్లో ఒక వ్యాపారి దగ్గర కారు తోలే పని దొరికిందట. వాట్సాప్ మాత్రం ఆ కువైట్ నంబరు మీదే ఉంచుకున్నాడట. వీడియోలో ఎప్పుడు చూసినా వెనక ఒక తెల్ల గోడ ఉండేది. ఆ గోడ చూసి, కువైట్‌లో ఇళ్లు ఎంత శుభ్రంగా ఉంటాయో అని నేను మా అత్తకు చూపించేదాన్ని. అది కర్నూలు గోడ.

"నేనడిగింది అది కాదు. ఎప్పుడొచ్చినావు?"

"ఎండాకాలంలో."

"ఏ ఎండాకాలం?"

నాపరాయి అంచును గోటితో గీకాడు.

"ఆరాధన ఉన్నప్పుడా, పోయినాకనా?"

ఆరాధన మా పాప. అతను కువైట్‌కు పోయేటప్పుడు నా కడుపులో ఉంది. పుట్టింది, బోర్లా పడింది, పాకింది, గోడ పట్టుకుని నిలబడింది. అన్నీ ఫోన్లోనే చూపించాను. ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు అతను. పదకొండో నెలలో జ్వరం తగిలింది. కడప ఆసుపత్రిలో పెట్టాం. మూడు రోజులు ఆ పిల్ల కళ్లు తెరవకుండా కొట్టుకులాడింది. ప్రతి పూటా అతనికి ఫోన్ చేశాను. "మూడు వేల కిలోమీటర్లు స్తుతీ, ఎట్లా రావాల నేను?" అని ఏడ్చాడు. ఏడుస్తుంటే నేను, పక్కన బిడ్డ చస్తుంటే నేను, "నువ్వు ఏడవాకయ్యా, దూరం కదా, నువ్వేం చేస్తావు" అని అతన్ని ఓదార్చాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

"చెప్పు. ఉన్నప్పుడా, పోయినాకనా?"

"ఉన్నప్పుడే. అప్పటికి వచ్చి నెలయింటాది."

చెంబు నా చేతికి ఎట్లా వచ్చిందో తెలీదు. గోడకేసి కొట్టాను. అతనికి తగల్లేదు. తగిలి ఉంటే బాగుండును.

"పెద్దాయన పోయినాడంటే ఒక్క పూటలో వచ్చినావే! మూడు దినాలు నీ బిడ్డ నీళ్లు గూడా మింగలేక కొట్టుకులాడింది. కర్నూలినించి కడపకు బస్సులు లేవా? బస్సుకు దుడ్లు లేకుంటే లారీ లేదా? నువ్వు నిద్దరపోయి లేసినా వచ్చేసేంత దూరం కదరా!"

జన్మలో మొదటిసారి మొగుణ్ని రా అన్నాను. అతను దులుపుకోలేదు, తిరగబడలేదు. అదొక్కటే గౌరవం మిగిలింది అతనిలో.

"రేపు వచ్చింటే నమ్మేదాన్ని," అన్నాను. "ఈ ఒక్క రాత్రి ఆడనే పండుకోని, రేపు పొద్దున్నే నింపాదిగా వచ్చింటే, కాళ్లకు నీళ్లిచ్చి, పాపం ఎంత దూరం నుంచి వచ్చినాడో అని ఒళ్లు పట్టేదాన్ని. ఆ మాత్రం ఆగలేకపోయినావా?"

"ఆగాలనే బస్టాండులో కూచోన్యా. రేపు పోదాంలే, అనుమానం వస్తాది అనుకోన్యా. కాళ్లు నిలబల్లేదు స్తుతీ. నాయన అంటే..."

ఆ మాట నిజం. నిజం చెవిన పడితే నాకు తెలుస్తుంది. మూడేళ్లలో అతను నాతో పలికిన మొదటి నిజమేమో అది. అందుకే ఎక్కువ మండింది. తండ్రికి నిలవని కాళ్లు, బిడ్డకెట్లా నిలిచాయి?

అదే అడిగాను.

"నిలవల్యా," అన్నాడు. "వచ్చినా. పాపను మట్టిలో పెట్టే పొద్దు వచ్చినా. జయపాల్ వీడియోలో చూపిస్తాంటే సగంలో నెట్టు లేదని కట్ చేసినా గదా? అప్పుడు నేను సమాధుల తోట గోడ అవతలే ఉండా. లారీ చాటున నిలబడుకోని చూసినా. నువ్వు మట్టి ఎయ్యనని కూచుంటివే, అది గూడా చూసినా."

నేను అక్కడే కింద కూలబడ్డాను. మట్టి వేయనని నేను మొండికేసింది నిజం. ఆ రోజు నన్ను లేపి, నా గుప్పిట్లో మట్టి పెట్టి, నా చెయ్యి తన చేతిలో పట్టుకుని వేయించింది మా మామ. పాప పెట్టెను కూడా ఆయనే ఒక్కడే ఎదకు కరచుకుని మోశాడు. కడుపున పుట్టకపోయినా నన్ను కూతురులా చూసుకున్న మనిషి.

"మరి లోపలికెందుకు రాలేదు? గోడ దాటితే నేనుండా గదా!"

"వస్తాంటి. నాయన చూసినాడు. నువ్వు అందరితో ఇంటికి పోయినాక గోడ కాడికి వచ్చినాడు. మాట్లాడుకోన్యాం. ఆయనే వెనక్కి పంపినాడు."

"అబద్ధం."

"నాయన ఆడ పండుకోనుండాడు స్తుతీ. ఆయన మీద అబద్ధం ఎట్లా చెప్తా? కర్నూల్లో ఉండే మొగుని కన్నా కువైట్లో ఉండే మొగుడే ఆ పిల్లకు మేలు, పో, అన్యాడు. నువ్వు కువైట్లోనే ఉండు, ఇంగ ఈ దిక్కు రావాక అన్యాడు."

పందిట్లో పాట అయిపోయింది. ఎవరో మైకు సర్దుతున్న చప్పుడు.

"ఎందుకన్యాడు ఆ మాట?"

"నేను ఆయనకు ఒగ మాట చెప్పినా. అది ఇన్యాక అట్లన్యాడు."

"ఏం మాట?"

అతను నోరు తెరిచాడు. అప్పుడే దడి అవతల నుంచి జయపాల్ పిలిచాడు. "అన్నా! అయ్యగారు రమ్మంటాండాడు. నువ్వు వచ్చేసినావు గదా, ఇంగ రేపటిదాకా ఎందుకంట. పొద్దుగూకక ముందే ఎత్తుదామంటాండారు. నాయనను పెట్టెలోకి మారుస్తాండారు, రాన్నా."

క్రాంతి నన్ను దాటుకుని పోయాడు. దెబ్బ తప్పించుకున్నవాడిలా పోయాడు.

నేను లేచి పందిట్లోకి వచ్చేసరికి మామను చెక్కపెట్టెలో పెట్టారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతుల మధ్య బైబిలు. ఆ ముఖం చూశాను. ఆ మాట దాచుకుని రెండేళ్లు నా చేతి సంగటి తిన్న ముఖం. నేను ఫోన్ స్పీకర్లో పెట్టి, "మామా, మాట్లాడు, కువైట్ నుంచి" అంటే, "ఒద్దులే పాపా, నాకు దగ్గొస్తాది" అని అటు తిరిగేవాడు. సిమెంటు దుమ్ము పాపం అనుకునేదాన్ని. అందులో దుమ్ము ఎంతో, దాచిన మాట ఎంతో ఇప్పుడు ఎవరినడగాలి? ఏం మామా, ఇట్లా చేశావేం అని అరవాలనిపించింది. ఆ పాదాలు పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. పోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని నాకు తెలీదు.

మగవాళ్లు పెట్టె చుట్టూ నిలబడ్డారు. అయ్యగారు ప్రార్థన ముగించి, "పెద్దకుమారుడు తలవైపు రావాల" అన్నాడు. క్రాంతి వచ్చి వంగాడు. ఊరంతా అతన్ని ముద్దుగా చూస్తోంది. ఆకాశం దాటి వచ్చిన కొడుకు కదా.

నేను పోయి తలవైపు నిలబడ్డాను.

"చెయ్యి తియ్యి," అన్నాను.

అతను తీయలేదు. నేనే తీశాను, ఒక్కో వేలూ.

"ఏందమ్మా స్తుతీ?" అన్నాడు అయ్యగారు, మైకు నోటి దగ్గరే ఉంచుకుని. ఊరంతటికీ వినబడింది.

"భూస్థాపన రేపని కదా అయ్యగారూ పెట్టినారు? రేపే ఉంచండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మా ఆయన కువైట్ నుంచి వస్తాండాడు. తెల్లారి బయల్దేరినాడు. ఇప్పుడు ఆకాశంలో ఉంటాడు. దిగాల, ఆడినించి రోడ్డు మీద రావాల, ఎంత తొందరపడినా రేపు గానీ చేరడు. ఈయప్ప కర్నూలాయన. మా మామను కడసారి చూసుకునేదానికి వచ్చినాడు, చూసుకున్యాడు. ఇంగ పోనీండి."

ఒక్కసారిగా గోల. "అయ్యో, పిల్లకు మతి చెడిందప్పా!" అన్నారెవరో. "దుఃఖంలో ఏదేదో అంటాది, పట్టుకోండి" అన్నారు ఇంకెవరో. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి నా భుజాలు పట్టుకున్నారు. జయపాల్ నా వైపూ అన్న వైపూ మార్చి మార్చి చూశాడు. క్రాంతి తలెత్తలేదు.

అప్పుడు లేచింది మా అత్త విశ్వాసమ్మ. పొద్దుటి నుంచి మొగుడి కాళ్ల దగ్గర కూర్చున్న మనిషి, ఒక్క చుక్క నీళ్లు తాగని మనిషి, పెట్టె అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"దాన్ని ఇడవండి," అంది ఆడవాళ్లతో. "దానికి మతి బాగానే ఉండాది."

అత్త తన కొడుకు ఎదుటికి వచ్చి, అతని గడ్డం పట్టుకుని తల పైకెత్తింది.

"ఆ పొద్దు సమాధుల కాడ గోడ పక్కన నువ్వు మీ నాయనతో అన్న మాట, ఆయనొక్కడే ఇన్యాడనుకుంటివి గదా? నేనూ ఇన్యా. ఆయన ఒద్దంటే రెండేండ్లు కడుపులో పెట్టుకోన్యా. ఇంగ ఒద్దనే మనిషి లేడు. ఆ మాట ఈడ పడేదాకా నా మొగుని పెట్టె లేవదు. నువ్వే చెప్తావా క్రాంతీ, నన్నే చెప్పమంటావా?"